నూరూళ్లు మెచ్చిన తల

అనగనగా ఒక అడవిలో, ఎండ కూడా దారి తప్పేంత చిక్కని అడవిలో, సింగన్న అనే ముసలి గంగిరెద్దు ఉండేది. ఆడించేవాడు కన్నుమూశాక అక్కడికి చేరింది. ఊళ్లలో సన్నాయి మోగితే అది తల ఊపేది. ఆ ఊపు మామూలు ఊపా? ముందు వరసలో పెద్దమనుషుల తలపాగాలు ఎగిరి పొరుగూళ్లో పడేవి మరి!

అవును అనాల్సి వస్తే సింగన్న నోరు విప్పేది కాదు. తల కిందికి వంచి ఊపేది.

ఒకనాడు కుందేలు వచ్చి, ఆ పొద కింద ముళ్లున్నాయా అని అడిగింది. సింగన్న తల ఊపింది. కుందేలు గెంతుకుంటూ వెళ్లి, కాలినిండా ముళ్లతో కుంటుతూ వచ్చింది.

“బావా, మా అడవిలో తల దించితే భయం లేదు, మేయండని అర్థం. తల ఎత్తి నిలబడితేనే ప్రమాదం. ఇకమీద కాస్త నోటితో చెప్పు.”

సింగన్నకి రోషం వచ్చింది. “నూరూళ్లు మెచ్చిన తల ఇది. నా ఊపు మీరే నేర్చుకోండి,” అంది.

మర్నాడు అడవిపంది, బురదగుంట లోతా అని అడిగింది. అదే ఊపు చూసి మెడదాకా దిగబడింది. అది తిట్టుకుంటూ పోతుంటే సింగన్న నవ్వుకుంది.

మూడోనాడు చుక్కల జింక వచ్చింది. వెంట దాని పసికూన చినుకు. దాహంతో తల్లికి పాలు ఇంకిపోయాయి.

“అన్నా, వాగు దగ్గర పులి ఉందా?”

ఉంది. పొద్దున్నే సింగన్న కళ్లారా చూసింది. ఆ మాట నాలుకదాకా వచ్చింది. కానీ తన తల గొప్ప గుర్తొచ్చింది. అవును, అవును, అవునని మూడుసార్లు ఊపింది. అంత అందంగా ఎన్నడూ ఊపలేదు.

జింక ఊపిరి పీల్చుకుంది. నీళ్లు తాగొచ్చి పాలిస్తానని చెప్పి, కూనని సింగన్న నీడలో పడుకోబెట్టి వెళ్లింది. సింగన్న పిలిచేలోపే పొదలు దాటేసింది.

వాగు వైపునుంచి ఒక్క అరుపు వినిపించింది. అంతే.

పొద్దు వాలేదాకా చినుకు ఆ దారినే చూసింది. చివరికి అడిగింది.

“మామా, అమ్మ వస్తుందా?”

అలవాటుకొద్దీ సింగన్న మెడ కదలబోయింది. బిగబట్టుకుంది.

“రాదమ్మా,” అంది. “తప్పు నాదే.”

ఆ తర్వాత బతికినన్నాళ్లూ సింగన్న తల ఊపలేదు. కంట్లో ఈగలు వాలినా ఊపలేదు.

నీతి: మన సైగ మనకి తెలిస్తే చాలదు, ఎదుటివారికి ఏమని తోస్తుందో తెలుసుకుని చెప్పాలి.