పీతల గృహప్రవేశం

అండమాన్ సముద్రంలో గవ్వలదిబ్బ అనే చిన్న దీవి మీద, కనిపించిందల్లా గోనెలో వేసుకుంటే గానీ నిద్రపట్టని బండెమ్మ అనే గవ్వల వ్యాపారి ఉండేది. తాతల నాడు శ్రీకాకుళం తీరం నుంచి వలసపోయిన కుటుంబం వాళ్లది. మనసు మంచిదే, పాపం. ఆశే కాస్త పెద్దది.

చలికాలం వచ్చిందంటే ఆ దీవికి పండగే. కొండంత విహార నౌక వచ్చి దూరంగా ఆగేది. చిన్న పడవలెక్కి జనం ఒడ్డుకు దిగేవాళ్లు. తిండీ పడకా అన్నీ ఓడలోనే ఉన్నవాళ్లకు ఈ ఇసుకదిబ్బ మీద ఏం పని? పీతల పందెం! అదీ సంగతి. బండెమ్మ మొగుడు ఎల్లాజీ ఇసుకలో పెద్ద గుండ్రం గీసి, మధ్యలో బుట్ట కింద గవ్వపీతలను పెట్టేవాడు. గవ్వపీతలంటే ఖాళీ గవ్వల్లో దూరి, ఆ గవ్వనే వీపున మోసుకు తిరిగే బుల్లి పీతలు. బుట్ట ఎత్తగానే అవి తలో దిక్కుకీ పరుగు తీసేవి. ఏది ముందు గీత దాటితే అదే రాజు! తలనెరిసినవాళ్లు కూడా చిన్నపిల్లల్లా గంతులేసేవాళ్లు. ఆ హుషారులోనే కొబ్బరిబొండాలు తాగేవాళ్లు, వేయించిన చేపలు తినేవాళ్లు, బండెమ్మ దగ్గర గవ్వల దండలు కొనేవాళ్లు. దీవిలో ప్రతి ఇంటి పొయ్యీ ఆ నవ్వుల పుణ్యాన వెలిగేది.

దండలు అమ్ముడయ్యేకొద్దీ బండెమ్మ ఆశకు రెక్కలొచ్చాయి. తెల్లారేసరికి తీరమంతా చీపురుతో ఊడ్చినట్టు ఏరేసి గోనెలు నింపేది.

"ఒసే, కొన్ని వదలవే," అన్నాడు ఎల్లాజీ. "పీత పెరిగితే పాత గవ్వ ఇరుకైపోద్ది. పెద్దది దొరక్కపోతే ఎక్కడుంటాది?"

"పీతలున్నవాటిని నేను ముట్టుకున్నానా మావా? ఖాళీవేగా! నీ పీతలకు ఇళ్లు కట్టించే పూచీ నాదా ఏంటి?" అని మూతి తిప్పింది బండెమ్మ.

"నీతో గెలిచేవాడు ఇంకా పుట్టలేదే," అని నవ్వేశాడు ఎల్లాజీ.

ఆ ఏడు అన్నిటికంటే పెద్ద ఓడ వచ్చింది. దీవంతా ఎగిరి గంతేసింది. జనం గుండ్రం చుట్టూ మూగారు. ఎల్లాజీ బుట్ట ఎత్తాడు. అయ్యో రామ! నాలుగంటే నాలుగే పీతలు బయటికొచ్చాయి. తెల్లారినుంచీ వెదికితే ఎల్లాజీకి దొరికినవి అవే. ఒకటి సీసా మూతలో దూరింది. ఒకటి పళ్లపేస్టు మూతలో ఇరుక్కుంది. వెనకటి ఓడల జనం వాడి పారేసిన చెత్తే వాటికి ఇల్లయింది. సీసామూత పీత రెండడుగులు వేసి బోర్లాపడింది. మెత్తటి తోకను దాచుకోలేక గిలగిలా కొట్టుకుంది.

ముందు అందరూ నవ్వారు. తరువాత ఎవ్వరూ నవ్వలేదు. గవ్వల దండలు బేరమాడుతున్నవాళ్లు వాటిని మెల్లగా కింద పెట్టేశారు.

ఓడవాళ్లకు దీవి తిప్పి చూపించే ప్రవల్లిక అనే అమ్మాయి దగ్గరికొచ్చింది. "ఏమైంది ఎల్లాజీ గారూ? చూడ్డానికి ఏమీ లేకపోతే వచ్చే ఏడు ఓడ పక్క దీవికి పోతుంది," అంది.

ఎల్లాజీ పెళ్లాం వంక చూశాడు. ఆ చూపే బండెమ్మ గుండెల్లో గుచ్చుకుంది. దీవి కడుపు మీద కొట్టింది తనే!

అంతలో ఓడ దిగినవాళ్లలోంచి ఒక హోటలు యజమాని ముందుకొచ్చి, బండెమ్మ పక్కనున్న గవ్వల గోనెలు చూపించి, "ఆ గోనెలన్నీ నేనే కొంటాను. మా హోటలు గోడలకు అతికిస్తాను," అన్నాడు. ప్రవల్లిక ఆ మాట తెలుగులో చెప్పింది. ఒక్క బేరంతో ఏడాది కష్టం తీరిపోతుంది. బండెమ్మ చెయ్యి గోనె మూతి మీదికి పోయింది. కళ్లు మాత్రం గిలగిల్లాడుతున్న ఆ సీసామూత పీత మీదే ఉన్నాయి.

"ఇవి నావి కావు బాబూ, అమ్మను," అంది. అని ఊరుకుందా? గోనెలన్నీ ఈడ్చుకెళ్లి ఇసుకలో గుమ్మరించేసింది. కొబ్బరి తురుము తెచ్చి చుట్టూ చల్లింది.

కాసేపు ఏమీ కాలేదు. తరువాత పొదల నీడలోంచి ఒక పీత తొంగిచూసింది. దాని వెనక ఇంకోటి, దాని వెనక మరోటి. పెద్దది ముందు, చిన్నది వెనక, రేషను దుకాణం ముందు నిలబడ్డట్టు వరస కట్టాయి! పెద్ద పీత కొత్త గవ్వలోకి దూకింది. అది వదిలిన గవ్వలోకి రెండోది, దాని గవ్వలోకి మూడోది దూరాయి. సీసామూత పీతకూ బుజ్జి గవ్వ దక్కింది. జనం ఈలలు, కేకలు!

"గృహప్రవేశం! అందరూ రండహో!" అని ఎల్లాజీ అరిచాడు. బండెమ్మ కళ్లు తుడుచుకుంటూ, పకపకా నవ్వుతూ కొబ్బరికాయ కొట్టి అందరికీ ముక్కలు పంచింది.

ఆ ఏడాది నుంచి ఓడ మానకుండా వచ్చింది, ఆ గృహప్రవేశం చూడ్డానికే. దిగినవాళ్లు తమ సీసాలూ మూతలూ తిరిగి పట్టుకెళ్లాలని దీవివాళ్లు కట్టుబాటు పెట్టారు. బండెమ్మ గవ్వలు ఏరడం మాని కొబ్బరి లౌజు అమ్మడం మొదలుపెట్టింది. గవ్వలకంటే అదే బాగా ఆడింది, నిజం!

మనకు అన్నం పెట్టే చోటును ఊడ్చుకు తినకూడదు. అక్కడి ప్రాణుల వాటా వాటికి వదిలితేనే మన వాటా మనకు నిలుస్తుంది.