సెలవు తీసుకోని సభ్యులు

మంచు దిగిందంటే పక్కన నడిచే మనిషి ముఖం కూడా కంటికి ఆనని కొండరాజ్యం ఒకటి ఉండేది. దాని పేరు నీహారగిరి. ఏలిక ప్రచండసేనుడు. ఆయనకు పన్నెండు బిరుదులు. పొద్దున్నే వాటిని వరసగా చదివి వినిపిస్తే గానీ ఆయన పక్క దిగేవాడు కాదు.

ఆ రాజ్యంలో ఏ పెద్ద పనికైనా సభ ఒప్పుకోవాలి. ఊళ్ళవాళ్ళు ఎంచి పంపినవాళ్ళు నలభై ఒక్కమంది అందులో ఉండేవారు. ఒకసారి కూర్చున్నవాడు రాజు సెలవిచ్చేదాకా సభ్యుడే. తూర్పు గోడ వెంట ఇరవైమంది, పడమటి గోడ వెంట ఇరవైమంది. తూర్పువాళ్ళు ఔనంటే పడమటివాళ్ళు కాదనేవారు. మిగిలిన ఒక్కడు ఓబళయ్య. ఆయన కుర్చీ రెండు వరసల నడుమ, గుమ్మానికి ఎదురుగా ఉండేది.

ఓబళయ్య ఒకప్పుడు ఏటి మీద పడవ నడిపాడు. ఇవతలి ఊరు, అవతలి ఊరు రేవు కోసం తలలు పగలగొట్టుకుంటుంటే, రెండు ఊళ్ళ పెద్దల్నీ పడవెక్కించి, ఏటి మధ్యలో ఆపి, మాట కుదిరేదాకా ఒడ్డు చేర్చనన్నాడు. మధ్యాహ్నానికి మాట కుదిరింది. ఆ ఏడే రెండు ఊళ్ళూ కలిసి ఆయన్ని సభకు పంపాయి.

అది ఇరవై ఏడేళ్ళ కిందటి మాట. ఇన్నేళ్ళలో ఆయన తూర్పువాళ్ళతో కలిసి కోట బాగుచేయించాడు, పడమటివాళ్ళతో కలిసి కొండవాళ్ళ మీది పన్ను తీయించాడు. కాలువ ఎటు తవ్వాలన్న తగువులో రెండు పక్షాలకూ సగం సగం ఇప్పించి, ఇద్దరి చేతా తిట్లు తిన్నాడు. పండగపూట ఆయన్ని భోజనానికి పిలిచిన సభ్యుడు ఒక్కడే, పడమటి వరస చివరన కూర్చునే చెన్నమనాయుడు. ఆయన కూడా రెండేళ్ళ కిందట జ్వరంతో పోయాడు.

ఇలా ఉండగా పొరుగురాజు దగ్గరనుంచి లేఖ వచ్చింది. అందులో ప్రచండసేనుడి బిరుదులు పదకొండే ఉన్నాయి.

"వెంటనే యుద్ధం," అన్నాడు రాజు.

పొరుగుదేశానికి దారి తోడేలు కనుమ మీదుగా. మంచుకాలం వచ్చేసింది. రాజుగారి తండ్రి కాలంలో ఇదే రోజుల్లో మూడు వందలమంది ఆ కనుమలోకి నడిచారు. ఒక్కడూ తిరిగి రాలేదు. ఒక్క శవమూ దొరకలేదు. మంచు బాగా దిగిన రోజుల్లో, పట్టపగలే, అటు మేకలు తోలుకెళ్ళినవాళ్ళకు ఒకరినొకరు పిలుచుకునే గొంతులు వినిపించేవి. ఆ తర్వాత పెద్దరాజు బతికినన్నాళ్ళూ కత్తి పట్టలేదు.

తూర్పువాళ్ళు ఇరవైమందీ యుద్ధానికి చేతులెత్తారు. పడమటివాళ్ళు ఎత్తలేదు. అందరూ ఓబళయ్య వైపు చూశారు.

"రాసినవాడు మరిచిపోయి ఉండవచ్చు ప్రభూ. ఒక లేఖ రాసి అడుగుదాం. ఎండలు ముదిరేదాకా ఆగుదాం," అన్నాడాయన.

యుద్ధం మాట వీగిపోయింది. రాజు ముఖం కందిపోయింది. అప్పుడు ఆస్థాన జ్యోతిష్కుడు విరూపాక్షభట్టు లేచాడు. "ప్రభూ, తమరి ఏలుబడిలో ఏడుగురు సభ్యులు చనిపోయారు. వాళ్ళ చోట కొత్తవాళ్ళు వచ్చారు గానీ, ఆ ఏడుగురికీ తమరు సెలవివ్వలేదు. కనక వాళ్ళు ఇంకా సభ్యులే. వాళ్ళ మాట వినే విద్య నాకు తెలుసు."

మర్నాటికి కొట్టులోంచి ఆ ఏడుగురి పాత కుర్చీలూ వచ్చాయి. ఒక్కోదాని మీద తెల్లగుడ్డ కప్పారు. కిటికీల్లోంచి మంచు లోపలికి పాకి వాటి చుట్టూ ఆగింది. గుడ్డల కింద మనుషులున్నట్టే ఉంది. పక్కన కూర్చున్నవాళ్ళు తమ కుర్చీలు మెల్లగా జరుపుకున్నారు.

"స్వర్గస్థులైన సభ్యులారా, యుద్ధానికి సమ్మతమేనా?" అన్నాడు భట్టు.

మొదటి కుర్చీ కిర్రుమంది. తర్వాత రెండోది. అలా ఆరు. ఏడోది చెన్నమనాయుడిది. అది చాలాసేపు ఊరుకుంది. చివరికి అందులోంచి సన్నగా, పొడుగ్గా ఒక చప్పుడు వచ్చింది. కర్ర చప్పుడులా లేదది. నొప్పితో ఉన్న మనిషి మూలుగులా ఉంది. భట్టు ఒక్క అడుగు వెనక్కి వేసి, "అదీ సమ్మతమే," అన్నాడు.

ఇరవై, ఏడు కలిసి ఇరవై ఏడు. యుద్ధం కావాలన్న మాట నెగ్గింది. అయితే యుద్ధం మాటను సభ రెండుసార్లు ఒప్పుకోవాలి, నడుమ మూడు రోజులు గడవాలి.

ఓబళయ్య తూర్పువాళ్ళ ఇళ్ళకు వెళ్ళాడు. నవ్వి పంపేశారు. కుర్చీల లెక్కను కలిసి అడ్డుకుందామని పడమటివాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. వాళ్ళ పెద్ద గడప దగ్గరే నిలబెట్టి, "ఇన్నేళ్ళలో ఒక్కరోజు మా వరసలో కూర్చున్నావా? ఇవాళ మేమెందుకు నీ వెంట రావాలి?" అని అడిగాడు.

నాలుగో రోజు పొద్దున, సభ కూడకముందే, ఆయన ఖాళీ సభలోకి వెళ్ళి, చెన్నమనాయుడి కుర్చీ పక్కన కూర్చున్నాడు. కప్పిన గుడ్డ తడిగా ఉంది. దాని దగ్గర గాలి చన్నీళ్ళ కుండలా ఉంది. లేచి పోవాలనిపించింది. అయినా కదలలేదు.

ఇంటికి వచ్చాక భార్య నాంచారమ్మ ఆయన చేతులు పట్టుకుని చూసింది. "ఏమిటండీ, ఇలా చల్లబడిపోయారు?"

"నాయుడి పక్కన కూర్చున్నాను. బతికుండగా యుద్ధమంటే మండిపడేవాడు. ఇప్పుడు ఆయన చేత ఔననిపిస్తున్నారు."

"చనిపోయినవాళ్ళు మాట్లాడరని చెప్పకూడదూ?"

"చెబితే ఎవరూ నమ్మరు. ఆ కుర్చీ చప్పుడు నేనూ విన్నానుగా. మాట్లాడతారనే ఒప్పుకుంటాను," అని ఆయన తలపాగా చుట్టుకున్నాడు.

సభ కూడింది. మంచు ఎంత దట్టంగా ఉందంటే తూర్పువాళ్ళకు పడమటివాళ్ళు కనపడటం లేదు. ఓబళయ్య లేచి దండం పెట్టాడు.

"ప్రభూ, భట్టుగారి మాట నాకు సమ్మతమే. సెలవు తీసుకోనివాడు చనిపోయినా పదవిలోనే ఉంటాడు. ఒక్క సందేహం మాత్రం మిగిలింది. తమ తండ్రిగారు ఎవరి దగ్గర సెలవు తీసుకున్నారు?"

"మా తండ్రిగారు చనిపోయారు కదయ్యా," అన్నాడు రాజు.

"ఈ ఏడుగురూ చనిపోయినవాళ్ళే ప్రభూ."

రాజు సింహాసనంలో అటూ ఇటూ సర్దుకున్నాడు.

"పెద్దప్రభువులు నిద్రలో పోయారు. సింహాసనం విడుస్తున్నామని ఎవరితోనూ అనలేదు. భట్టుగారి లెక్కన అది ఖాళీ కాలేదు," అని ఓబళయ్య గొంతు తగ్గించాడు. "మరి ఏడేళ్ళుగా తమరు ఎవరి ఒళ్ళో కూర్చుని ఉన్నారు ప్రభూ?"

రాజు కొయ్యలా బిగుసుకుపోయి కూర్చున్నాడు. ఆయన కదలకుండానే, ఆయన కింద సింహాసనం కిర్రుమంది.

ప్రచండసేనుడు ఒక్క ఉదుటున లేచి మెట్టు దిగాడు. వీపు తడుముకున్నాడు.

ఓబళయ్య భట్టు వైపు తిరిగాడు. "అయ్యా, విద్య తెలిసినవారు. యుద్ధం గురించి పెద్దప్రభువుల మాట ఏమిటో కాస్త అడగండి."

భట్టు పెదవులు తడుపుకున్నాడు. పెద్దరాజు మాట వినిపిస్తోందంటే, రాజు ఆయనే, ఎదురుగా నిలబడ్డవాడు కాదు. వినిపించడం లేదంటే, ఏడుగురి మాటా అబద్ధమే. ఎటు చెప్పినా తల ఉండదు. భట్టు మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"నిజం చెప్పు," అన్నాడు రాజు.

"కుర్చీల కాళ్ళకు సన్నటి తాళ్ళు కట్టించాను ప్రభూ. తెర వెనకనుంచి మా వాళ్ళు లాగారు. అయితే ఆరింటికే కట్టించాను. నాయుడిగారి కుర్చీకి కట్టలేదు. దాని దగ్గరికి పోవడానికి మాకు ధైర్యం చాలలేదు."

"సింహాసనానికి?"

భట్టు తల అడ్డంగా ఊపాడు.

రాజు చాలాసేపు ఆ ఖాళీ సింహాసనాన్ని చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోననుకున్నారు అందరూ. కాదు, నవ్వుతున్నాడు. కింది మెట్టు మీద చతికిలబడి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

"ఓబళయ్యా, శత్రువులు చేయలేని పని చేశావు. కత్తి దుయ్యకుండా నన్ను సింహాసనం దించావు. పదకొండు బిరుదులు చాల్లే నాకు."

ఆయనే లేచి, ఏడుగురి పేర్లూ పిలిచి, ఒక్కొక్కరికీ చేతులు జోడించి సెలవిచ్చాడు. ఆరు గుడ్డలు అలాగే ఉన్నాయి. చెన్నమనాయుడి కుర్చీ మీది గుడ్డ మాత్రం, లోపలి మనిషి లేచి వెళ్ళినట్టు, నెమ్మదిగా కిందికి జారింది. దాన్ని తీయడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఓబళయ్య వెళ్ళి మడతపెట్టి చంకలో పెట్టుకున్నాడు.

భట్టును దేశం దాటించారు. తన మెడలోని హారం తీసి ఓబళయ్యకు వేస్తూ, "ఇంకేం కావాలో కోరుకో," అన్నాడు రాజు.

"నాకూ సెలవిప్పించండి ప్రభూ, బతికుండగానే. నా పేరు చెప్పి రేపెవరూ కుర్చీ ఊపకుండా ఉంటుంది."

రాజు మళ్ళీ నవ్వి, తన చేత్తోనే రాసిచ్చాడు.

ఓబళయ్య కోటగుమ్మం దాకా నడుస్తుంటే వెనక అడుగుల చప్పుడైంది. తిరిగి చూస్తే తూర్పువాళ్ళూ పడమటివాళ్ళూ, మంచులో ఎవరు ఎవరో తెలియకుండా కలిసిపోయి, ఆయన్ని సాగనంపడానికి వస్తున్నారు.

ఇంటి దగ్గర నాంచారమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. "ఎవరు గెలిచారండీ?" అని అడిగింది.

"కనుమలోకి ఎవరూ వెళ్ళడం లేదు," అన్నాడాయన. "అన్నం పెట్టు."