తూము తెరిచే మాట

పూర్వం ఒక రాజ్యంలో పెద్ద చెరువు తూముకు నూకాలు కాపలా ఉండేది. తూమంటే తెలుసుగా, చెరువు నీళ్లను కాలువలోకి వదిలే తలుపు. "మహారాజుకు జయం" అన్నవాళ్లకు అది ఎత్తాలని దివాను గుర్తుమాట పెట్టాడు. ఊరంతటి నోటా నానే మాటాయె! ఎవరు పడితే వాళ్లు వచ్చి ఆ మాట అని, నీళ్లు మళ్లించుకునేవారు. చివరి పొలాలు ఎండిపోతున్నాయి.

"మాట మార్చండయ్యా" అని నూకాలు బతిమాలింది.

"నాకే నేర్పుతావా? మొహాలు చూడకు. మాట వినబడితే ఎత్తు, లేదంటే కొలువు మానెయ్" అన్నాడు దివాను.

ఒకనాడు రాజుగారు చెరువు చూడవచ్చి గట్టు మీద కూర్చున్నారు. ఎదురుగా నిలబడి మెప్పు పొందాలని దివాను పట్టుబట్టలతో ఎండిన కాలువలోకి దిగి, "మహారాజుకు జయం" అన్నాడు.

నూకాలు తూము ఎత్తింది. దివాను మోకాళ్ల దాకా తడిసిపోయాడు.

"ఏమిటీ పని?" అన్నారు రాజుగారు.

"దివానుగారి ఆజ్ఞే ప్రభూ. మొహం చూడలేదు, మాట విన్నాను. నీళ్ల దొంగలకూ ఇలాగే ఎత్తుతున్నాను."

రాజుగారు నవ్వి, కొత్త మాటొకటి ఆమె చెవిలో చెప్పి, నీళ్ల వంతు వచ్చిన రైతుకే దాన్ని చెప్పమన్నారు. దివాను పంచె పిండుకుంటూ దగ్గరికొచ్చాడు. "ఆ మాట నాకూ సెలవివ్వండి ప్రభూ."

"ఎత్తేది నేను, అడిగేది రైతులు కదయ్యా, తమకు ఆ మాటతో పనేముంది?" అంది నూకాలు.

ఆ ఏడు చివరి మడి దాకా నాట్లు పడ్డాయి.