బిరుదులు అయ్యాక గొయ్యి

పల్లకీ మోసేటప్పుడు ముందు బోయీ “రాయి! ముల్లు!” అని కేకేస్తేనే, దారి కనబడని వెనక బోయీలు చూసుకుని అడుగేస్తారు. ఆ కేకలు జమీందారు సర్వారాయుడి చెవికి మోటుగా తగిలాయి.

“నేను పల్లకీలో ఉండగా ఎవరు నోరు తెరిచినా ముందు నా బిరుదులన్నీ పలకాలి,” అన్నాడు.

“చిత్తం దొరా,” అన్నాడు ముందు బోయీ గవరయ్య.

కాసేపటికి గొయ్యి వచ్చింది. గవరయ్య దాన్ని దాటుతూ, “దానకర్ణ, రణభీకర, సాహితీలోల...” అని మొదలెట్టాడు.

వెనకవాళ్లు తెల్లబోయి వింటూ గోతిలో కాలేశారు. పల్లకీ బోర్లాపడింది.

“గొయ్యుందని చెప్పలేదేంరా?” మట్టి దులుపుకుంటూ అరిచాడు దొర.

“చెబుతూనే ఉన్నాను దొరా. తమ బిరుదులు ఇంకా సగమే అయ్యాయి.”

దొర మళ్లీ పల్లకీ ఎక్కాడు. ఇంటిదాకా తెరలోంచి తల బయటపెట్టి, “రాయి! ముల్లు!” అని తనే కేకలేస్తూ వెళ్లాడు.