వామనగుంటల్లో రెండు సత్రాలు

కోనవల్లిని ఏలే మార్తాండరాజుకు ఎప్పుడు ఏ బుద్ధి పుడుతుందో ఆయనకే తెలియదు. ఒకరోజు కొలువులో కూర్చుంటూనే అన్నాడు.

"మన ఊరికి రెండు సత్రాలున్నాయి కదా, ఏ సత్రంలో వంట బాగుంటుందో తేల్చండి. గెలిచినవాళ్ళకు బంగారు గరిటె. ఓడినవాళ్ళ పొయ్యి ఆర్పించేస్తాను."

ఆ పని ఆస్థాన గణకుడు శంభుశాస్త్రి మీద పడింది. పడిందనడం కంటే ఆయనే ఎగిరి పట్టుకున్నాడనడం న్యాయం. 'గణిత గండభేరుండ' అని తనకు తానే బిరుదు తగిలించుకున్న మనిషి. పైగా తూర్పు సత్రం వంటవాడు సాక్షాత్తూ ఆయన బావమరిది. పడమటి సత్రంలో వండేది పున్నమ్మ. నా అన్నవాళ్ళు లేరు, ఆ పొయ్యే ఆమెకు దిక్కు.

శాస్త్రి రెండు సత్రాల గుమ్మాల దగ్గరా భటుల్ని నిలబెట్టాడు. తిని బయటికొచ్చిన ప్రతివాణ్ణీ ఎక్కణ్ణుంచి వచ్చావు, వంట ఎలా ఉంది అని అడిగించి తాటాకుల మీద రాయించాడు. తరువాత కొలువుకు వచ్చి ఉత్తరీయం సవరించుకున్నాడు.

"ప్రభూ! ఒక్కో సత్రంలో వందమందిని అడిగించాను. బాగుందన్నవారు తూర్పున ఎనభై, పడమట అరవై. ఇంకేం కావాలి? పడమటి పొయ్యి ఆర్పించండి."

మూల నిలబడ్డ పున్నమ్మ ముందుకొచ్చింది.

"మారాజా, ఆ పొయ్యి ఆరితే నా బతుకు ఆరినట్టే. నా వంటలో ఏం లోపముందో అదన్నా చెప్పండయ్యా" అని బావురుమంది.

రాజుకు తాంబూలం అందించే చిట్టెన్న అది చూడలేకపోయాడు. అతని కొలువు చిన్నదే గాని నోరు పెద్దది.

"ప్రభూ, శాస్త్రిగారి లెక్క తప్పని అనను. కానీ సగం లెక్క గాలికి వదిలేశారు."

"ఏ సగమోయ్?" అన్నాడు రాజు.

"తిన్నవాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారో రాసిన సగం."

శాస్త్రి పకపకా నవ్వాడు. "వంట రుచికీ వచ్చిన దారికీ ఏమిటయ్యా సంబంధం? బోడిగుండుకూ మోకాలికీ ముడిపెడతావేం?"

చిట్టెన్న వెంటనే రాణిగారు ఆడుకునే వామనగుంటల పీటా, చింతపిక్కలూ తెప్పించాడు.

"పదిమందికి ఒక పిక్క. తూర్పు సత్రం కనుమ కింద ఉంది ప్రభూ. రోజంతా అడవిలో నడిచి, కడుపు నకనకలాడుతూ దిగేవాళ్ళే అక్కడ ఎక్కువ. పడమటిది అంగళ్ళ వీధిలో ఉంది. ఇంట్లో సుష్టుగా తిని, ఊరికే రుచి చూసిపోదామని వచ్చేవాళ్ళే అక్కడ ఎక్కువ. ఆకలిగా వచ్చినవాళ్ళను పై వరుసలో వేస్తాను, కడుపు నిండినవాళ్ళను కింది వరుసలో."

ఒక్కొక్క ఆకే చదువుతూ తాపీగా పిక్కలు వేయసాగాడు. మరీ తాపీగా. పొద్దు నడినెత్తికెక్కి దిగింది. కొలువంతా ఆవులించింది. రాజుగారి కడుపులో ఎలుకలు పరుగెత్తాయి.

"అయింది ప్రభూ! పై వరుస చూడండి. ఆకలితో తూర్పుకు వెళ్ళినవి తొమ్మిది పిక్కలు, మెచ్చుకున్నవి ఎనిమిది. పున్నమ్మ దగ్గరికి వెళ్ళినవి రెండే, రెండూ మెచ్చుకున్నాయి. ఇక కింది వరుస. కడుపు నిండాక తూర్పుకు వెళ్ళింది ఒకే ఒక్కటి, అదీ పెదవి విరిచింది. పున్నమ్మ దగ్గరికి వెళ్ళినవి ఎనిమిది, అందులో నాలుగు భేష్ అన్నాయి."

రాజు పీట మీదికి వంగాడు. "ఇదేమిటోయ్! ఏ వరుసలో చూసినా పున్నమ్మదే పైచేయి. మరి మొత్తం మీద ఎలా ఓడింది?"

"రెండు వరుసలూ కలిపేసినందుకే ఓడింది ప్రభూ. తూర్పు సత్రాన్ని మెచ్చుకున్నది నాలుక కాదు, ఆకలి."

శాస్త్రికి ఒళ్ళు మండింది. "నాలుక నాలుకే! ఎంత ఆకలి మీదున్నా ఎవరి చేతి వంటో నేను ఇట్టే పట్టేస్తాను. తెప్పించు చూద్దాం!"

చిట్టెన్నకు కావలసింది ఆ మాటే. వేడివేడిగా పొగలు కక్కే గంగాళం ఒకటి కొలువులోకి వచ్చింది. రాజుగారికో దొప్పెడు, శాస్త్రికో దొప్పెడు వడ్డించాడు.

రాజు ఆవురావురుమంటూ తిని "ఆహా!" అన్నాడు.

శాస్త్రి రెండో దొప్పె చాచాడు. మూడోదీ చాచాడు. కళ్ళు మూసుకుని తల ఊపాడు. "అమృతం ప్రభూ, అమృతం! సందేహం లేదు, ఇది మా బావమరిది చేతి వంటే. ఈ రుచి ఇంకొకరికి వల్లకాదు!"

చిట్టెన్న పై వరుసలో ఒక పిక్క వేశాడు. "నాలుగోది కూడా కానివ్వండి శాస్త్రిగారూ."

శాస్త్రి బ్రేవుమని త్రేన్చాడు. మొహమాటానికి ఓ ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించాడు.

"ఇదేమిటీ, ఇందులో ఉప్పే లేదు!"

చిట్టెన్న కింది వరుసలో ఇంకో పిక్క వేశాడు.

"దొప్పె మారింది గాని గంగాళం మారలేదు శాస్త్రిగారూ. ఆకలి రుచెరుగదని మనవాళ్ళు ఊరికే అన్నారా?"

"సరేనయ్యా, ఇంతకీ ఎవరు వండారు ఇది?" అన్నాడు రాజు, మూతి తుడుచుకుంటూ.

"మన గుర్రాలశాలలో వండారు ప్రభూ. గుర్రాలకు పెట్టే ఉలవలు!"

రాజు తన దొప్పె వైపు చూశాడు, శాస్త్రి వైపు చూశాడు. మరుక్షణం సింహాసనం మీద పొట్ట పట్టుకుని పొర్లిపొర్లి నవ్వాడు. పున్నమ్మ కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వేసింది. శాస్త్రి ఒక్కడే ఉత్తరీయంలో తల దూర్చుకున్నాడు.

బంగారు గరిటె పున్నమ్మ చేతికి వచ్చింది. తూర్పు పొయ్యిని కూడా ఆర్పవద్దన్నాడు రాజు, కనుమ దిగినవాళ్ళకు ఏదో ఒకటి పెట్టాలి కదా!

"నీకేం కావాలోయ్ చిట్టెన్నా? అడుగు!"

"పున్నమ్మ చేతి భోజనం ఒక పూట ప్రభూ. కాకపోతే ఇప్పుడొద్దు, నాకూ నకనకలాడుతోంది. ముందు ఇంటికెళ్ళి తినొస్తాను!"