గాజు గొట్టం తీర్పు

వెనకటికి ఓ సంస్థానంలో రంగుల పరీక్షాధికారి మార్తాండశాస్త్రి, సుద్దపొడి కూరిన గాజు గొట్టంలో రంగు పోసి పైనుంచి నీళ్లు వదిలేవాడు. రంగు సన్నటి పట్టీలా దిగితే స్వచ్ఛం, తోక సాగితే కల్తీ. కల్తీ చేసినవాడు ఊరు విడవాల్సిందే. ఆ వారంలో అప్పటికే ముగ్గురు విడిచారు.

అద్దకంపని చేసే గుర్నాథం తెచ్చిన ఎరుపు కూడా రాజుగారి ఎదుటే జానెడు తోక సాగింది.

"దొంగా! ఏం కలిపావురా?" అన్నాడు శాస్త్రి.

గుర్నాథానికి నిజంగానే ఏదో కలిపానేమోనని తన మీద తనకే అనుమానం వచ్చింది. అతగాడి మతిమరుపు అలాంటిది. అయినా, వెంట తెచ్చుకున్న మరో బుడ్డి తీశాడు.

"ఇదీ చూడండి బాబయ్యా."

అది ఇంకా పొడుగ్గా సాగింది.

"ఇది మరీ ఘోరం! ఏ మోసగాడు చేశాడిది?"

"తమరే బాబయ్యా. రాజుగారి తలపాగాకు అద్దమని మొన్న తమ చేత్తో నూరి ఇచ్చిన రంగులో మిగిలింది."

రాజుగారే వంగి గొట్టంలోకి చూశారు. పైన సుద్ద కుంగి గుంట పడి, పోసిన రంగు అందులో నిలిచి కొద్దికొద్దిగా దిగుతోంది. కొత్త సుద్ద కూరి పోస్తే రెండు రంగులూ బుద్ధిగా పట్టీలై దిగాయి. వెళ్లగొట్టిన ముగ్గురికీ వెంటనే కబురు వెళ్లింది.

గుర్నాథం చెమట తుడుచుకుంటూ అన్నాడు:

"హమ్మయ్య! అయితే నేను కల్తీ చెయ్యలేదన్నమాట!"