గాలిలో బిగించిన బోల్టు

ఏయ్, ఆ ఆవులింతలు ఆపి వినండి! పని ఎలా చేయాలో తెలిసి కూడా, నడుము వంచాలంటే ముఖం చిట్లించే బద్ధకస్తుల్లారా, ఈ కథ మీకోసమే.

అడవులకు కూడా తారురోడ్లు పడ్డ రోజుల్లో, అనగనగా ఒక కొండ. కొండ కింద ఒక మెకానిక్ షెడ్డు. దాని యజమాని భల్లయ్య అనే ఎలుగుబంటి. పక్కనే పంక్చర్లు వేసేది నకులమ్మ అనే ముంగిస.

సారంగయ్య అనే దుప్పికి ఒక కారు ఉండేది. కొండ అవతల ఉన్న ఏనుగు వైద్యుడి దగ్గరకు రోగులను చేర్చేది అదొక్కటే. అది ఆగితే జబ్బుపడ్డవాళ్ళకు దిక్కు లేదు.

ఒకనాడు కారు ముందు చక్రం దగ్గర టకటకమంది. చక్రాన్ని పట్టి ఉంచే ఇనప చేతిలో ఒక రబ్బరు బుష్ ఉంటుంది. అది చిరిగింది. భల్లయ్య జాకీతో కారెత్తి, కొత్త బుష్ వేసి, చక్రం గాలిలో వేలాడుతుండగానే దాన్ని పట్టి ఉంచే బోల్టు బిగించేశాడు.

"గుంజి చూడు బావా! కదిలితే మీసం తీయించుకుంటా" అన్నాడు సారంగయ్యతో.

నెల తిరక్కుండానే బుష్ చిరిగింది. "రోడ్డు బాగాలేదు" అన్నాడు. మళ్ళీ వేశాడు, మళ్ళీ చిరిగింది. "రబ్బరులో సారం లేదు" అన్నాడు. మూడోసారి చిరిగేసరికి, "నీకు నడపడం రాదు బావా!" అనేశాడు.

నకులమ్మకు ఒకటే ఆరాటం. రోడ్డు రోజుకోలా ఉంటుంది కదా, రబ్బరు మాత్రం ప్రతిసారీ ఒకే వైపు మెలి తిరిగి ఎందుకు చిరుగుతోంది? కారు ఎత్తినప్పుడు తొంగి చూసింది. ఇనప చెయ్యి కిందికి వాలి ఉంది. దించాక కిందికి దూరి చూసింది. చెయ్యి పైకి లేచింది, బోల్టు పట్టు వదల్లేదు, మధ్యలో రబ్బరు మెలి తిరిగింది.

"దొరికింది మామా!" అంది భల్లయ్యతో. "నీ చెయ్యి వేలాడేసి ఉన్నప్పుడు బిగించి కట్టు కడితే, ఎత్తగానే ఏమవుతుంది?"

"లాగేస్తుంది."

"కారుకీ అంతే. బోల్టు వదులుగా పెట్టి కారు దించు. చక్రం మీద బరువు పడ్డాక బిగించు."

"మా నాన్నా అదే చెప్పేవాడు" అని గొణిగాడు భల్లయ్య. "దించిన కారు కిందికి ఈ పొట్ట దూరొద్దూ?"

"నేను దూరతాగా, స్పానర్ ఇటివ్వు."

"పంక్చర్లు వేసేదానివి, నా బోల్టు ముట్టుకుంటావా? టైర్లు చూసుకో, ఫో!"

అతను మళ్ళీ గాలిలోనే బిగించాడు. పైగా, నకులమ్మ మాటలు విన్న సారంగయ్య అడిగితే, "దించాకే బిగించాను బావా, నీ తోడు!" అన్నాడు.

కొన్నాళ్ళకు భల్లయ్య తేనెపట్టు జోలికి పోయి ఒళ్ళంతా కుట్టించుకున్నాడు. మూలుగుతుంటే సారంగయ్యే కారులో వేసుకుని బయలుదేరాడు. కొండ మలుపులో బ్రేకు వేయగానే బుష్ తెగింది. కారు ఒక పక్కకు లాగి బండను గుద్దుకుంది. సారంగయ్య గీతలతో బయటపడ్డాడు. భల్లయ్య కాలు విరిగింది.

నకులమ్మ వచ్చి కొత్త బుష్ వేసి, కారు దించి, కిందికి దూరి బోల్టు బిగించింది. ఆ తర్వాత ఆ చక్రం టక్కుమనలేదు.

తెలిసిన పద్ధతిని బద్ధకానికి బలిచ్చి, చేయని పనికి ఒట్టేసేవాడు ముందు నమ్మినవాళ్ళను ముంచి, చివరికి తానూ మునుగుతాడు. భల్లయ్య కాలు అతికింది గాని వంకరగా అతికింది. బతికినన్నాళ్ళూ ఆ అడవిలో కుంటుతూ తిరిగాడు, ఒక్కరంటే ఒక్కరు కూడా అతన్ని తమ బండి ముట్టుకోనివ్వలేదు.